చదువుకు వారం పెట్టేదెవరు?

ఈసారి గోడపత్రికకు "యువత మీద సమాజం పెట్టవలసిన పెట్టుబడి" అని అంశం ఇచ్చినప్పుడు మా బెంచీలో వాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇది కామర్స్ వాళ్ళకు ఇవ్వాల్సింది కదా అని ఒకమ్మాయి గొణిగింది కూడా. నేను మాత్రం వెంటనే పేరు ఇచ్చేశాను. వేసవి సెలవుల్లో మా ఇంట్లో సరిగ్గా ఈ విషయం మీదే ఒక వాదన జరిగింది. అందులో నేను ఓడిపోయాను.

మాది కోలారు జిల్లా, మాలూరు తాలూకా, టేకల్. రైల్వే వాళ్ళ బోర్డు మీద 'త్యాకల్' అని ఉంటుంది. బెంగళూరు నుంచి బంగారపేట పోయే లైన్లో మాలూరు దాటాక వస్తుంది. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా చిన్నమ్మ కూతురు ఈ ఏడాది సెకండ్ పీయూసీ ఫస్ట్ క్లాసులో పాసైంది. డిగ్రీలో చేర్పిద్దామని నేను, నరసాపుర వైపు ఫ్యాక్టరీలో చేర్పిద్దామని పెద్దవాళ్ళు. "ఇంటికొకరు చదివితే చాల్లేమ్మా, నువ్వు చదవతాండావు కదా" అని మా చిన్నమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం కోసం లైబ్రరీలో కూర్చున్న నాలుగైదు మధ్యాహ్నాల్లో కొంత దొరికింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి. పెట్టుబడి అంటే ఇప్పుడు మనకు షేర్లు, బ్యాంకులు గుర్తొస్తాయి గానీ మా పక్క అది సేద్యం మాట. "ఈ ఏడు టమాటకు పెట్టుబడి కూడా రాలేదు" అంటారు. రాబడి, దిగుబడి, పెట్టుబడి అన్న మాటల చివర ఉన్న 'బడి'కి, పిల్లలు పోయే బడికి సంబంధం లేదు. వ్యాకరణం క్లాసులో ఎవరూ నన్ను నిలబెట్టకుండా ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. నా దృష్టి ముందున్న 'పెట్టు' మీద. అన్నం పెట్టడం, దీపం పెట్టడం, ఎరువు పెట్టడం. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఇదే మాట 'పెట్టుపోతలు' అయి కూర్చుంటుంది. పెళ్ళికి పెట్టాలి, పండక్కి పెట్టాలి, సీమంతానికి పెట్టాలి. వాటికి అప్పు చేస్తే ఎవరూ లెక్క అడగరు. చదువుకు పెట్టాలంటే మాత్రం "తిరిగి ఏమొస్తాది?" అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.

చదువుకునే పిల్లవాడికి ఊరు పెట్టడం మనకు కొత్తేమీ కాదు. 'వారాలు చేసుకుని చదువుకున్నాడు' అన్న మాట మన పెద్దల జీవితచరిత్రల్లో ఎన్నిసార్లు వస్తుందో మీకే తెలుసు. పట్నంలో చదువు, ఇంటి నుంచి డబ్బు రాదు. అందుకని సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా ఏడు రోజులకు ఏడిళ్ళు భోజనం పెట్టేవి. ఆలోచిస్తే ఎంత తెలివైన ఏర్పాటో! ఏ ఇంటికీ భారం కాదు. ఏ ఒక్క ఇంటివాళ్ళూ "వాణ్ణి మేమే చదివించాం" అని మీసం దువ్వడానికి వీల్లేదు. ఆ పిల్లవాడు పెద్దయి ఏ ఊళ్ళో ఉద్యోగం చేసినా, ఆ ఏడిళ్ళకు తిరిగి వచ్చేది ఏమీ లేదు. అయినా పెట్టారు.

కానీ ఇంకొంచెం ముందుకు పోయి చూడాలి. అన్నం కులం దాటని కాలం అది. వారాలు ఎక్కువగా బ్రాహ్మణుల పిల్లలకు, బ్రాహ్మణుల ఇళ్ళలో. మా తాత టేకల్ బండల మీద ఉలి, సమ్మెట పట్టుకుని బతికినవాడు. ఆయన పదేళ్ళ వయసులో చదువుకుంటానని బయలుదేరితే ఏ వీధిలో నిలబడి వారం అడగాలి? ఇంకొకటి. 'వారాలబ్బాయి' అన్న మాట నేను చాలాసార్లు చదివాను. 'వారాలమ్మాయి' అన్న మాట ఇంతవరకూ ఎక్కడా నా కంటపడలేదు.

ఏడిళ్ళు చేసే పనిని ప్రభుత్వం చేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి మా పాత కోలారు జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళి 2007 దాకా మా జిల్లాలోదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది ఆ ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం గిద్దలూరు దగ్గరి పల్లె, ఇంటి భాష తెలుగు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి తన ఖర్చులు తాను చూసుకున్నాడు. 1881లో బి.ఏ. పాసైతే మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి పూనా ఇంజనీరింగు చదువుకు పంపింది. 1883లో అక్కడ మొదటి స్థానంలో పాసయ్యాడు.

తర్వాత జరిగింది గమనించండి. మైసూరు డబ్బుతో చదువుకున్న మనిషి ఉద్యోగంలో చేరింది బొంబాయి ప్రభుత్వంలో. పాతికేళ్ళు అక్కడే. మా చిన్నమ్మ లెక్కలో చూస్తే మైసూరు పెట్టుబడి మునిగిపోయినట్టే. 1909లో గానీ ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా రాలేదు. 1912లో దివాను అయ్యాడు. ఆ తర్వాతి సంగతులు మనకు తెలిసినవే. కృష్ణరాజసాగరం, 1913లో మైసూరు బ్యాంకు, అదే ఏడాది నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం. ఒక కుర్రవాడి చదువు మీద 1881లో పెట్టింది మైసూరు గడ్డ మీద మొలకెత్తడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఏ వడ్డీవ్యాపారీ అంతకాలం ఆగడు. ప్రభుత్వం, సమాజం మాత్రమే ఆగగలవు. చదువు ఖర్చును ఒక్క ఇంటి నెత్తిన వెయ్యకూడదు అనడానికి నాకు దొరికిన మొదటి కారణం ఇది.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. 1918లో మైసూరు మహారాజు ఉద్యోగాల్లో వెనకబడిన వర్గాలకు చోటు కల్పించే విషయం పరిశీలించమని లెస్లీ మిల్లర్ అధ్యక్షతన సంఘం వేశాడు. విశ్వేశ్వరయ్యగారికి అది నచ్చలేదు. ప్రతిభ తగ్గుతుందని ఆయన భయం. ఆ ఏడాది చివర దివాను పదవి వదిలేశాడు. ఆయన మీద గౌరవం తగ్గకుండానే నేను ఇది అడగాలనుకుంటున్నాను. సెంట్రల్ కాలేజీ గడప దాకా చేరుకున్నవాడి ప్రతిభ ప్రభుత్వానికి కనిపించింది. ఆ గడప దాకా రాలేనివాళ్ళ ప్రతిభను ఎవరు, ఎక్కడ నిలబడి చూడాలి? బాగా కాసిన చెట్టుకు నీళ్ళు పొయ్యడం సులభం. ఏ విత్తనం కాస్తుందో తెలియనప్పుడు అన్నిటికీ పొయ్యడమే కష్టం.

నాకు ఎక్కువ నచ్చిన మనిషి మాత్రం ఇంకొకాయన. గౌరిబిదనూరు దగ్గర హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు. అదీ అప్పటి కోలారు జిల్లానే. బీద కుటుంబం. తల్లి కూలిపని చేసేది. ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివి, పాఠం చెప్పిన ఉపాధ్యాయుడి ప్రోత్సాహంతో 1935లో బెంగళూరు బసవనగుడిలోని నేషనల్ హైస్కూల్లో చేరడానికి బయలుదేరాడు. ఎలా వెళ్ళాడో తెలుసా? నడిచి. గౌరిబిదనూరు నుంచి బెంగళూరు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. ఈ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అంత దూరం నడవగలిగినవాడు నడిచాడు సరే. నడవలేక ఊళ్ళోనే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆడపిల్లయితే నడుస్తానన్నా ఎవరు పంపిస్తారు?

ఆయన సెంట్రల్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివాడు, స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకు వెళ్ళాడు, నేషనల్ కాలేజీలో అధ్యాపకుడయ్యాడు, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి 1960లో అణుభౌతికంలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. అక్కడే ఉండిపోవచ్చు. తిరిగొచ్చాడు. ప్రిన్సిపాల్, 1972 నుంచి 1977 దాకా బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్, 1984లో పద్మభూషణ్. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీ హాస్టల్ గదిలోనే, ఖద్దరు బట్టల్లో, 2005 జనవరిలో పోయేదాకా బతికాడు. ఈ వివరాలన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచింది వేరే ఉంది. ఆయన ఆధ్వర్యంలో నేషనల్ కాలేజీలు గౌరిబిదనూరులోనూ, బాగేపల్లిలోనూ వెలిశాయి. బాగేపల్లి అంటే మీకు తెలియకపోవచ్చు. పాత అనంతపురం జిల్లా సరిహద్దులో, కన్నడ రాష్ట్రంలో ఉన్న తెలుగు ఊరు. సంతలోకి పోతే తెలుగే వినిపిస్తుంది. తాను ఏ దారిన నడిచి పోవాల్సి వచ్చిందో, ఆ దారి అవసరం లేకుండా కాలేజీనే ఊరి దగ్గరికి తెచ్చాడు. బెంగళూరు పెట్టింది, బాగేపల్లికి అందింది. పెట్టినచోటే తిరిగి రావాలని లేదు. అప్పుకూ పెట్టుబడికీ తేడా ఇదేనేమో. అప్పు ఇచ్చినవాడికే తిరిగి వస్తుంది. ఇది వేరేవాళ్ళ పిల్లలకు చేరుతుంది.

ఆయన ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయే పరిస్థితి వచ్చింది అన్నాను కదా. మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ దాకా ఉచిత, నిర్బంధ విద్య. అంటే ఎనిమిదో తరగతి దాకా. 1935లో హొసూరు పిల్లవాడు ఏ గడప దగ్గర నిలబడ్డాడో, 74 ఏళ్ళ తర్వాత వచ్చిన చట్టం కూడా అక్కడే నిలబడింది. ఆ పైన హక్కు లేదు, పథకాలున్నాయి. పథకాలను నేను తక్కువ చెయ్యను. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సుల్లో టికెట్ లేదు. ఉచితాలు ఎందుకు అని టీవీల్లో చర్చలు పెడతారు. నరసింహయ్యగారి నడక చదివాక నాకు ఆ జీరో టికెట్ ముక్క వేరేలా కనిపిస్తోంది. చదువుకు అడ్డం పడేది ఒక్కోసారి ఫీజు కాదు, దారిఖర్చు. నిరుద్యోగ పట్టభద్రులకు నెలకు 3,000, డిప్లొమా వాళ్ళకు 1,500 ఇచ్చే యువనిధి కూడా 2024 జనవరిలో మొదలైంది. అది మంచిదే గానీ డిగ్రీ అయ్యాక వచ్చే డబ్బు. మా ఇంట్లో గొడవ డిగ్రీకి ముందు.

విద్యకు జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానంలోనూ అదే 6 శాతం మళ్ళీ రాశారు. ఒకే మాట యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ రాయాల్సి వచ్చిందంటే మధ్యలో ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు లేదనే మాటను మా జిల్లావాళ్ళం మాత్రం నమ్మలేం. నేను ఎక్కే రైలు మారికుప్పంలో బయలుదేరుతుంది. అంటే కేజీఎఫ్. టేకల్ వచ్చేసరికి కూర్చోవడానికి చోటుండదు. అందరూ బెంగళూరుకు పనికి పోయేవాళ్ళే. సెక్యూరిటీ గార్డులు, నర్సులు, షోరూముల్లో నిలబడే అమ్మాయిలు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు. వాళ్ళ తాతలు తవ్విన గనుల్లో నూట ఇరవై ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం బయటికొచ్చింది. ఆ గనుల కోసం 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు కరెంటు తీగలు లాగారు. బెంగళూరు వీధులకు కరెంటు దీపాలు వచ్చింది 1905లో. రాజధాని కంటే మూడేళ్ళు ముందు గనికి వెలుగొచ్చింది! కావాలనుకున్నప్పుడు పెట్టుబడి ఎంత దూరమైనా నడిచి వస్తుందన్నమాట. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మిగిలింది సైనైడ్ మట్టిదిబ్బలు, ఈ రైలు.

గనులున్న జిల్లాలో, వాటివల్ల నష్టపోయినవాళ్ళ కోసం జిల్లా ఖనిజ నిధి ఉండాలని చట్టం సవరించింది 2015లో. ఆ నిధిని తాగునీరు, వైద్యం, చదువు, నైపుణ్య శిక్షణ లాంటివాటికి వాడాలి. మంచి చట్టం. మా బంగారం అయిపోయిన పద్నాలుగేళ్ళకు వచ్చింది. బంగారం పోయినా మాకు రాయి ఉంది. రాళ్ళలాంటి చిన్న ఖనిజాల విషయంలో నియమాలు చేసే అధికారం రాష్ట్రానిది. మరి క్వారీల మీద వచ్చే సొమ్ములో ఆ క్వారీ పక్క ఊరి పిల్లల చదువుకు ఎంత చేరిందో పంచాయతీ గోడ మీద రాసి పెట్టమని అడగడం తప్పేం కాదనుకుంటాను. మన గోడ మీద మనం ఇన్ని రాస్తున్నాం కదా.

రాయి గురించే ఇంకో సంగతి. ఇల్లు కట్టేవాళ్ళ నుంచి సెస్సు వసూలు చేసి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి, వాళ్ళ పిల్లల చదువులకు ఖర్చు పెట్టేందుకు 1996లో చట్టం చేశారు. కానీ గనుల చట్టం కిందికి వచ్చే పనిని అందులో చేర్చలేదు. గోడ కట్టిన మేస్త్రీ బిడ్డకు సాయం ఉంది, ఆ గోడకు రాయి కొట్టినవాడి బిడ్డకు అదే సాయం లేదు. ఒకే గోడ!

తెలంగాణలో భువనగిరి కోట ఉన్న బండ గురించి అందరూ చదివే ఉంటారు. అక్కడ ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల తండా అమ్మాయి, 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. అన్నం, పడక, చదువు, ఆపైన శిక్షణ అన్నీ ప్రభుత్వం పెట్టింది. వారాలమ్మాయి అన్న మాట లేదన్నాను గానీ, గురుకులం ఆడపిల్లకు ఏడు రోజులూ వారం పెట్టే ఇల్లు. మా టేకల్ బండలు కూడా ఎత్తయినవే. చిన్నప్పుడు వాటి మీద మేమూ ఎగబాకాం, చీకటి పడేలోపు దిగి రమ్మని తిట్లు తిన్నాం. ఆ ఎక్కడం కూడా ఒక విద్య అని మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఇక మా ఇంటికి వస్తాను. ఇంటికొకరు చాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. నేను డిగ్రీలో చేరినప్పుడు అమ్మ స్త్రీశక్తి సంఘంలో అప్పు తీసుకుంది. అమ్మ, చిన్నమ్మ ఒకే సంఘంలో ఉన్నారు. ఇంటికొక అప్పు అని అక్కడ పద్ధతి. అంటే నా చెల్లెలి వంతు కూడా నేనే వాడుకున్నాను. వాదనలో అంత గట్టిగా మాట్లాడినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తెలిసినా చిన్నమ్మ నా ముఖాన అనలేదు.

సంఘంలో 18 మంది. వారం వారం పొదుపు కడతారు. తలా పది రూపాయలు ఎక్కువ కడితే వారానికి 180, ఏడాదికి 9,360. ఊళ్ళో ఒక ఆడపిల్ల పుస్తకాలకు, పాసుకు సరిపోతుంది కదా అని నేను లెక్క వేసుకుని పోయాను. అమ్మ విని, "పుస్తకాలకు సరేమ్మా. ఆ పిల్ల తెచ్చే జీతమో?" అంది. అసలు ఖర్చు అక్కడుంది. చదువుకు అయ్యేది కాదు, చదువుతున్నందుకు ఇంటికి రాకుండా పోయేది. నరసింహయ్యగారి తల్లి కూడా కూలికి పోతూనే కొడుకు కూలిని వదులుకుంది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ వేసి లేదు. నా 9,360 మా చెల్లెలి ఒక్క నెల జీతానికి కూడా రాదు.

పదో తరగతి, పీయూసీ రెండూ ప్రభుత్వ బడుల్లో చదివి డిగ్రీలో చేరిన ఆడపిల్లలకు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి 30,000 ఇస్తోంది. కర్ణాటకకూ వర్తిస్తుంది. మా చెల్లెలు రెండూ ప్రభుత్వ బడుల్లోనే చదివింది. కానీ ముందు రెగ్యులర్ కోర్సులో చేరాలి, తర్వాతే అర్జీ. చేరడానికీ డబ్బు అందడానికీ మధ్య ఉండే నెలల్ని ఎవరు మొయ్యాలి? సంఘం పది రూపాయలు అక్కడికి పనికొస్తాయని ఇప్పుడు అనుకుంటున్నాను. మొత్తం కాదు, మధ్యలో ఆ సందు పూడ్చడానికి. ఈ ఏడాది అడ్మిషన్లు అయిపోయాయి. వచ్చే ఏడాదికి.

ఈ వ్యాసం చిత్తుప్రతి మొన్న ఆదివారం మా చెల్లెలికి చదివి వినిపించాను. తెల్లవారి ఐదింటికి కంపెనీ బస్సు కోసం మెయిన్ రోడ్డు మీద నిలబడే పిల్ల, ఆదివారం నిద్ర మానుకుని విన్నది. విశ్వేశ్వరయ్య దగ్గర ఆవలించింది. నడక దగ్గర లేచి కూర్చుంది. అంతా అయ్యాక ఒక్కటే అంది. "అక్కా, ఇంటికొకరు చాలని మా యమ్మ అన్నది రాసినావు. నన్ను ఎవురూ అడగలేదని కూడా రాయి."

సంఘం మీటింగు వచ్చే గురువారం. లెక్క కాగితం మీద తేటగా రాసిమ్మని అమ్మ అడిగింది.